పుచ్చు వంకాయ సాక్ష్యం చెప్పదు

సేంద్రియ ఆహారం కావాలనేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. ఈ ఎడం ఎందుకు వచ్చింది? దేనితో పూడుతుంది?

అశ్వారావుపేట కూరగాయల బజారులో రెండు వంకాయ కుప్పలు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. ఒకటి కిలో 40 రూపాయలు, రెండోది 60. రెండో కుప్ప దగ్గర కూర్చున్న ఆవిడ ‘‘మందు కొట్టలేదమ్మా, పెంటతోటి పండించినయి’’ అంటుంది. రెండింటి నిగనిగా ఒక్కటే, తొడిమల పచ్చదనం ఒక్కటే. కోసి చూసినా, కూర వండి తిన్నా తేడా పట్టుబడదు. మరి ఆ 20 రూపాయలు దేనికి ఇస్తున్నట్టు?

చాలామంది చెయ్యి 40 రూపాయల కుప్ప వైపే పోతుంది. ఇది చూసి జనంలో చైతన్యం రావాలని సభల్లో చెబుతుంటారు. నిజానికి చైతన్యానికి కొదవ లేదు. పురుగుమందుల తిండి తింటున్నామన్న బెంగ లేని ఇల్లు ఇవాళ అరుదు. బ్రిటన్‌లో 2000లో వినియోగదారుల మీద వచ్చిన ఒక నివేదిక ఈ తిరకాసుకు ‘30:3’ అని పేరు పెట్టింది. నూటికి 30 మంది మంచి పద్ధతిలో తయారైన సరుకే కొంటామంటారు. బజారులో ఆ సరుకుల వాటా మాత్రం 3 శాతం దగ్గరే ఆగిపోతుంది. కోరికకూ కొనుగోలుకూ మధ్య ఏదో అడ్డుపడుతోంది. అదేమిటో తేలితే గాని, జనాన్ని సేంద్రియం వైపు తిప్పే దారి దొరకదు.

కంటికీ నాలుకకూ అందని గుణం

ఆర్థికశాస్త్రం సరుకులను మూడు రకాలుగా విడదీస్తుంది. మొదటి రకం కొనకముందే తెలిసిపోయేది. బెండకాయ లేతదో కాదో కొస విరిచి చూస్తే చాలు. రెండో రకం వాడాక తెలిసేది. మామిడిపండు తీపి, బియ్యం అన్నమయ్యే తీరు ఇంటికి తెచ్చుకున్నాకే తెలుస్తాయి. ఒకసారి మోసపోతే మళ్లీ ఆ కొట్టుకు వెళ్లం. ఫిలిప్ నెల్సన్ 1970లో ఈ రెండింటినీ వేరుచేసి చూపాడు. మూడేళ్ల తర్వాత మైఖేల్ డార్బీ, ఎడి కార్నీ మూడో రకాన్ని చేర్చారు. అవి వాడాక కూడా తెలియనివి. మెకానిక్ మార్చిన సామాను నిజంగా పాడైందా? డాక్టరు రాసిన పరీక్ష నిజంగా అవసరమా? డబ్బు కట్టి బయటికి వచ్చాక కూడా మనకు తెలియదు. నమ్మితే కొంటాం, లేకపోతే లేదు.

సేంద్రియ వంకాయ ఈ మూడో రకం సరుకు. దాని గుణం కాయలో కాదు, అది పెరిగిన నాలుగు నెలల చరిత్రలో ఉంది. ఆ చరిత్రను కళ్లారా చూసినవాళ్లు రైతు, కూలీలు, పక్క చేను వాళ్లు. కొనేవాళ్లు చూడలేదు.

పుచ్చు ఉందంటే మందు కొట్టనట్టేనని కొందరు ఒక లెక్క వేసుకుంటారు. కాయలో పురుగు కనిపిస్తే దాన్ని నిజాయితీకి గుర్తుగా తీసుకుంటారు. ఆ లెక్క ఎందుకు తప్పుతుందో తెలియాలంటే పురుగు బతుకు చూడాలి.

పురుగు లోపల, మందు పైన

వంగకు పెద్ద శత్రువు కొమ్మనూ కాయనూ తొలిచే పురుగు. తల్లి పురుగు చిన్న రెక్కల పురుగు. రాత్రిళ్లు ఆకుల మీద, మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు కొద్ది గంటల్లోనే లేత కొమ్మలోకో కాయలోకో తొలుచుకుపోతుంది. లోపలికి చేరాక పైనుంచి చల్లిన మందు దాన్ని అందుకోవడం కష్టం. అంటే మందుకు దొరికే సమయం ఆ కొద్ది గంటలే. అది ఏ గంటో రైతుకు తెలియదు. అందుకే పురుగు కనబడకముందే, పదేపదే కొట్టాల్సి వస్తుంది.

కోత సంగతి ఇంకొకటి. వంగ తోట కాపుకొచ్చాక నాలుగైదు రోజులకోసారి కాయ కోయాలి, లేకపోతే ముదిరి గింజ పడుతుంది. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. ఎండకు, గాలికి, మొక్క లోపలి రసాయన చర్యలకు ఆ మందు విరిగి తగ్గిపోవడానికి పెట్టిన గడువు అది. ఆ గడువు వారం అయి, కోత నాలుగు రోజులకే వస్తే రైతు ముందు రెండే దారులుంటాయి. కాయను ముదరనివ్వాలి, లేదా గడువును మరచిపోవాలి. మందు అవశేషాలు బజారుకు చేరే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి.

కాబట్టి పుచ్చు కాయ మందు తినని కాయ కానక్కర్లేదు. పదిసార్లు మందు కొట్టినా పదకొండోసారికి పురుగు తప్పించుకుని ఉండొచ్చు. 2021-22లో ఖమ్మం, వరంగల్ వైపు మిరప చేలను నల్ల తామర పురుగు కమ్మేసినప్పుడు ఇదే జరిగింది. పూతలో దాక్కునే ఆ సన్న పురుగుకు మందులు మార్చి మార్చి కొట్టినా ఎన్నో చేలు దక్కలేదు. పురుగూ మిగిలింది, మందూ మిగిలింది. మరోవైపు, జాగ్రత్తగా చేసిన సేంద్రియ తోటలో మచ్చలేని కాయ కూడా కాస్తుంది.

ఇందులో కొనేవాళ్ల చెయ్యి కూడా ఉంది. కుప్పలోంచి నున్నటి కాయలే ఏరుకుని, చిన్న రంధ్రం ఉన్నది పక్కన పడేస్తాం. ఆ పక్కన పడేసిన కాయల లెక్క సాయంత్రానికి రైతు దగ్గరికి చేరుతుంది. మరుసటి వారం ఇంకో తడవ మందు పడుతుంది.

| కడిగితే పోతుందా? |
|---|
| కొంత పోతుంది, అంతా పోదు. పురుగుమందులు స్థూలంగా రెండు రకాలు. తగిలిన చోట మాత్రమే పనిచేసే స్పర్శ మందులు కాయ తోలు మీద ఉంటాయి. వాటిని ధారగా పారే నీళ్లలో రుద్ది కడిగితే, ఉప్పునీళ్లలో కాసేపు ఉంచితే, తోలు తీస్తే చాలా మేరకు తగ్గుతాయి. అంతర్వాహిక మందులు అలా కావు. వేరు నుంచో ఆకు నుంచో మొక్క రసంలో కలిసి కాయ కండలోకి చేరతాయి. ఆవకాయ ముక్కను పైపైన కడిగితే ఊరిన ఉప్పు పోనట్టే, ఇవీ కడిగితే పోవు. కడగడం మంచి అలవాటే గాని, అది సేంద్రియానికి బదులు కాదు. |

తింటే ఏం మారుతుంది?

అమ్మేవాళ్లు ఎక్కువ చెప్పేసి, కొనేవాళ్ల నమ్మకం పోగొట్టుకునేది ఇక్కడే. తేలినదేమిటో, తేలనిదేమిటో విడివిడిగా చూద్దాం.

తేలింది ఇది. సేంద్రియ ఆహారం తింటే ఒంట్లోకి చేరే పురుగుమందులు తగ్గుతాయి, అదీ వెంటనే. అమెరికాలోని సియాటెల్ పరిసరాల్లో 23 మంది బడిపిల్లలకు వరసగా 5 రోజులు మామూలు తిండికి బదులు అదే రకం సేంద్రియ ఆహారం పెట్టి, రోజూ మూత్రం పరీక్షించారు. మలాథియాన్, క్లోరోపైరిఫాస్ అనే రెండు మందులు ఒంట్లో విరిగితే మిగిలే పదార్థాలు పరీక్షకు అందనంతగా పడిపోయాయి. పాత తిండికి రాగానే మళ్లీ కనిపించాయి. ఈ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఒంట్లో ఆ మందు జాడలు కనిపించడానికి మామూలు తిండే కారణమని ఇది తేల్చింది. ఆ జాడల వల్ల జబ్బు వస్తుందని మాత్రం తేల్చలేదు, అది వేరే ప్రశ్న.

పోషకాల మాటకొస్తే అంత స్పష్టత లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో రెండు వందలకు పైగా అధ్యయనాలను ఒక్కచోట పేర్చి చూశారు. సేంద్రియ ఆహారంలో విటమిన్లు గణనీయంగా ఎక్కువని చెప్పే బలమైన ఆధారం వాళ్లకు దొరకలేదు. అవశేషాలు తగిలే అవకాశం తక్కువని మాత్రం దొరికింది. 2014లో మరో బృందం 343 పరిశోధన పత్రాలను విశ్లేషించింది. సేంద్రియ పంటల్లో కొన్ని యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువని, కాడ్మియం తక్కువని చెప్పింది.

క్యాన్సర్ గురించి ఇంకా తర్జనభర్జనే. ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మందిని పరిశీలించి 2018లో వెలువరించిన అధ్యయనం, సేంద్రియం బాగా తినేవాళ్లలో క్యాన్సర్ ముప్పు 25 శాతం తక్కువని చూపింది. బ్రిటన్‌లో 6 లక్షల మందికి పైగా మహిళల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తమ్మీద అలాంటి తగ్గుదల కనబడలేదు. సేంద్రియం కొనేవాళ్లు తరచూ కాస్త కలిగినవాళ్లు, వ్యాయామం చేసేవాళ్లు. మేలు తిండి వల్ల వచ్చిందా, ఆ జీవితం వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం. అందుకే ‘ఇది తింటే క్యాన్సర్ రాదు’ అని బోర్డు పెట్టిన కొట్టు చదువుకున్న ఖాతాదారును నిలుపుకోలేదు.

అన్నిటికంటే తిరుగులేని మేలు ఇంకొకరిది. తినేవాళ్ల ఒంట్లోకి చేరేది అతి సూక్ష్మ పరిమాణం. మందు కలిపే చెయ్యికి, డబ్బా మోసే వీపుకు తగిలేది చిక్కటి ద్రవం. చేతి తొడుగులు లేకుండా, గాలికి ఎదురుగా కొట్టేటప్పుడు చర్మం గుండా, ఊపిరి గుండా లోపలికి పోతుంది. సేంద్రియం కొన్నవాళ్లు ముందుగా కాపాడేది ఆ మనిషిని, ఆ చేను పక్కన పారే వాగును.

మంచి సరుకు బజారు విడిచి పోయే తీరు

ఇక మన రెండు కుప్పల దగ్గరికి వద్దాం. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్‌లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి నిరూపించాడు. 2001లో ఆయన అందుకున్న నోబెల్‌కు పునాది ఈ పనే. దాన్ని వంకాయకు అన్వయిస్తే ఇలా నడుస్తుంది.

మొదటి మెట్టు: నిజంగా సేంద్రియమైతే 60 రూపాయలు ఇవ్వడానికి ఇల్లాలు సిద్ధమే. మామూలుదైతే 40 కంటే ఇవ్వదు. రెండింటినీ పోల్చే దారి లేదు గనక, సగం నమ్మకంతో 50 అంటుంది.

రెండో మెట్టు: 50కి అమ్మితే మందు కొట్టిన రైతుకు పది రూపాయలు లాభం. నిజంగా కొట్టని రైతుకు మాత్రం కూలీ కూడా గిట్టదు. అతను మందు లేని సాగునే మానేస్తాడు.

మూడో మెట్టు: ఇప్పుడు సేంద్రియమని చెప్పే కుప్పల్లో బూటకం వాటా పెరిగింది. ఆ సంగతి నోటినోటా పాకి, ఇల్లాలు 50 నుంచి 45కు దిగింది.

నాలుగో మెట్టు: మిగిలిన నిజమైన రైతులూ వెళ్లిపోయారు. చివరికి బజారులో అంతా 40 రూపాయల కుప్పే.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. కొనేవాళ్లకు కోరిక ఉంది, పండించేవాళ్లకు ఓపిక ఉంది. వాళ్లిద్దరి మధ్య సాక్షి లేకపోవడమే బజారును మూసేసింది. ప్రచారం ఎంత పెరిగినా ఈ లెక్క మారదు. పైగా ప్రచారంతో గిరాకీ పెరిగి సాక్షి లేకపోతే, మొదట లాభపడేది బూటకమే.

సాక్షి ఎవరు?

మన దేశంలో సాక్షులు మూడు తరగతులు.

మొదటిది మూడో వ్యక్తి ధ్రువీకరణ. 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీవోపీ) కింద, గుర్తింపు పొందిన సంస్థల తనిఖీదారులు వచ్చి చేను, గోదాము, రికార్డులు చూస్తారు. ఏడాది పంటలకు రెండేళ్లు, తోటలకు మూడేళ్లు మార్పు దశ గడవాలి. ఎగుమతికి ఇదే కావాలి. ఖర్చు, కాగితాల పని ఎక్కువ. రెండెకరాల రైతు ఒంటరిగా మోయలేడు.

రెండోది రైతులే ఒకరికొకరు సాక్షులయ్యే భాగస్వామ్య హామీ పద్ధతి (పీజీఎస్). ఒకే ఊరివాళ్లో పక్కపక్క ఊళ్లవాళ్లో కనీసం ఐదుగురు రైతులు గుంపు కట్టి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకుని సంతకం పెడతారు. ఒకరు తప్పు చేస్తే గుంపంతా మాట పడాల్సి వస్తుంది గనక కన్ను వేసి ఉంచుతారు. చాటుగా మందు కొడితే ఢిల్లీ నుంచి వచ్చే తనిఖీదారుకు తెలియకపోవచ్చు. గట్టు పక్క రైతుకు వాసన తెలుస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, అనంతపురం వైపు టింబక్టు కలెక్టివ్ రైతుల సహకార సంఘం ఈ దారిలో చాలాకాలంగా నడుస్తున్నాయి.

మూడోది ముఖపరిచయం. పండించినవాళ్లే నేరుగా అమ్మితే, వాళ్ల పేరే హామీ. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2017లో తెచ్చిన సేంద్రియ ఆహార నిబంధనలు కూడా దీన్ని ఒప్పుకున్నాయి. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్న రైతులు, రైతు సంఘాలు వినియోగదారులకు నేరుగా అమ్మితే ధ్రువపత్రం తప్పనిసరి కాదు. ప్రభుత్వ సేంద్రియ ముద్ర మాత్రం వాడకూడదు.

ఊరు పెద్దదయ్యే కొద్దీ, రైతుకూ కొనేవాళ్లకూ దూరం పెరిగే కొద్దీ మూడో సాక్షి బలహీనపడుతుంది, మొదటి సాక్షి అవసరమవుతుంది. అశ్వారావుపేట లాంటి చోట చేనుకూ బజారుకూ మధ్య దూరం తక్కువ. హైదరాబాద్ సూపర్‌మార్కెట్‌కు లేని సౌకర్యం ఇది. చౌకైన సాక్ష్యం ఇక్కడ ఇంటి ముంగిట్లోనే ఉంది.

| పొట్లం మీద ఏం చూడాలి? |
|---|
| • ప్యాక్ చేసిన సరుకు మీద సేంద్రియం అని రాస్తే దానికి ధ్రువీకరణ ఉండాలి. అంటే ఎన్‌పీవోపీ లేదా పీజీఎస్-ఇండియా ముద్ర ఉండాలి. |
| • ‘పీజీఎస్-ఇండియా గ్రీన్’ అంటే ఆ చేను ఇంకా మార్పు దశలో ఉంది. ‘పీజీఎస్-ఇండియా ఆర్గానిక్’ అంటే ఆ దశ దాటింది. |
| • ‘నేచురల్’, ‘ఫార్మ్ ఫ్రెష్’, ‘ప్యూర్’ అనే మాటలు, ఆకుపచ్చ ఆకు బొమ్మలు ధ్రువీకరణ కావు. |
| • 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు అన్ని ప్యాకెట్ల మీదా ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన సరుకు సేంద్రియం కాదు. |

ఆ అదనపు ధర ఎక్కడిది?

సాక్షి దొరికినా ధర అడ్డం నిలుస్తుంది. అది ఎక్కడెక్కడ పుడుతుందో విడదీస్తే, ఎక్కడ తగ్గించవచ్చో కనిపిస్తుంది.

మొదటిది దిగుబడి. 2012లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం సేంద్రియ దిగుబడులు సగటున నాలుగో వంతు తక్కువ. పంటను బట్టి, నేలను బట్టి ఆ తేడా 5 నుంచి 34 శాతం దాకా మారుతుంది. మార్పు దశలో దెబ్బ ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ దశలోనే రైతుకు పూర్తి ముద్రా దొరకదు, పూర్తి ధరా దొరకదు.

రెండోది కూలీ. కలుపు మందుకు బదులు మనుషులు కలుపు తీయాలి. కషాయాలు నూరాలి, కాయాలి, వడగట్టాలి.

మూడోది రాయితీల తీరు. 45 కిలోల యూరియా బస్తా రైతుకు సుమారు 267 రూపాయలకే వస్తుంది, అసలు ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తుంది. పశువుల ఎరువుకు ఆ స్థాయి రాయితీ లేదు. అంటే మామూలు వంకాయ ధరలో కొంత భాగాన్ని మనం పన్నుల రూపంలో ముందే కట్టేశాం.

నాలుగోది, చాలామంది గమనించనిది, సరుకు తక్కువ కావడం. పది బస్తాల కోసం ఒక ఆటో, ఒక గోదాము, ఒక కొట్టు నడవాలి. సగం నిండిన బండి కిరాయి కూడా నిండు కిరాయే. అమ్ముడుపోని ఆకుకూర సాయంత్రానికి వాడిపోతే, ఆ నష్టం అమ్ముడైన కట్టల మీద పడుతుంది. ధర ఎక్కువ గనక కొనేవాళ్లు తక్కువ, కొనేవాళ్లు తక్కువ గనక ధర ఎక్కువ. ఈ ముడి ఎక్కడో ఒకచోట తెగాలి.

పునుకుల చెప్పిన పాఠం

ఆ ముడి ఒక కొసను విప్పిన ఊరు అశ్వారావుపేట ఉన్న జిల్లాలోనే ఉంది. పాల్వంచ మండలం పునుకుల. అప్పటికి ఇది ఖమ్మం జిల్లా. 1990ల చివర పత్తి చేలను శనగపచ్చ పురుగు, లద్దె పురుగు తినేస్తున్న కాలం. మందులు అప్పు మీద తెచ్చేవాళ్లు. అప్పిచ్చే దుకాణదారే ఏ మందు కొట్టాలో చెప్పేవాడు, పంట కూడా అతనికే పోయాలి. ‘సెక్యూర్’ అనే స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అండతో పురుగుమందులు లేని సస్యరక్షణను అక్కడ పరిచయం చేసింది.

ఆ పద్ధతి పురుగును చంపడం కంటే పురుగు బతుకులోని బలహీన ఘడియను పట్టుకోవడం మీద ఆధారపడుతుంది. వేసవి దుక్కి లోతుగా దున్నితే నేలలోని కోశాలు ఎండకు, పక్షులకు బలవుతాయి. చేను చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు తల్లి దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. ఆకు తుంచి పారేస్తే సరి. బంతి మొక్కలు శనగపచ్చ పురుగును అలాగే లాగుతాయి. లింగాకర్షక బుట్టలో మగ పురుగులు పడే లెక్కను బట్టి దాడి ఎప్పుడొస్తుందో తెలుస్తుంది. అప్పుడు వేప గింజల కషాయం కొడతారు. వేపలోని పదార్థం పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు. మందు మానేశాక సాలీళ్లు, అక్షింతల పురుగులు తిరిగొచ్చి మిగతా పని చేస్తాయి.

2003-04 నాటికి పునుకుల తనను తాను పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. ఊరి మహిళా సంఘం వేప గింజల పొడి చేసే పని చేపట్టడంతో మందులకు పోయే డబ్బులో కొంత ఊళ్లోనే కూలీగా మిగిలింది. ఆ అనుభవాన్ని గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటికీ తీసుకెళ్లింది. తర్వాత ఆంధ్రలో విస్తరించిన ప్రకృతి సాగు కార్యక్రమానికి మూలం అక్కడుంది.

ఇక్కడ కొనేవాళ్లకు పనికొచ్చే సంగతులు రెండు. పునుకుల రైతు పురుగుమందు మానేసింది బజారులో ఎక్కువ ధర వస్తుందని కాదు, ఖర్చు తగ్గుతుందని. రసాయన ఎరువులు పూర్తిగా మానడం దీని తర్వాతి మెట్టు, అది కష్టమైనది. కాబట్టి పురుగుమందు లేని కూరగాయకు 20 రూపాయల అదనం అవసరం లేకపోవచ్చు, ఐదో పదో చాలవచ్చు. రెండోది, ఊరంతా ఒక్క మాట మీద ఉంటే సాక్ష్యం చౌకవుతుంది. ఒక చేను సేంద్రియమని నిరూపించాలంటే ప్రతి గట్టూ కాపలా కాయాలి, పక్క చేనులో కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది. ఊళ్లోకి మందు డబ్బాయే రాకపోతే నిరూపించాల్సింది ఒక్కటే. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఎనబావి 2006లో పూర్తి సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుని ఈ మాటనే బలపరిచింది.

కాగితం లేని అడవి

అశ్వారావుపేట, దమ్మపేట మండలాల అడవి అంచున కోయ, కొండరెడ్డి గూడేలున్నాయి. పోడు చేలో పండే సామలు, జొన్నలు, కందుల మీద ఎరువుల బస్తాల ఖర్చు పెట్టే స్తోమత చాలామందికి ఎన్నడూ లేదు. అడవి తేనె, చింతపండు, ఇప్పపువ్వు సంగతి సరేసరి. సేంద్రియానికి అతి దగ్గరగా ఉన్నది వీళ్ల సరుకే. అయినా సేంద్రియ ధర వీళ్లకు అందదు. మందు కొట్టడం మానేసినవాళ్లలో కొందరికైనా ధ్రువపత్రం తెచ్చుకునే స్తోమత ఉంటుంది. అసలు కొట్టనివాళ్లకు ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియదు. అడవి సేకరణకు కూడా ధ్రువీకరణ ఇచ్చే వీలు జాతీయ కార్యక్రమంలో ఉంది. గూడెం మొత్తాన్ని ఒక గుంపుగా నమోదు చేసే చెయ్యి కావాలి.

దీనికి సరిగ్గా ఎదురు కొసన పామాయిల్ ఉంది. ఈ ప్రాంతపు పెద్ద పంట అదే. కోసిన గెలలను ఆలస్యం చేయకుండా ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీకి చేర్చాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అక్కడ అందరి గెలలూ ఒకే ఆవిరి పాత్రలోకి పోతాయి. ఒక రైతు పశువుల ఎరువుతోనే తోట పెంచినా, నూనెలో ఆ తేడా మాయమవుతుంది. విడిగా గానుగ పట్టే ఏర్పాటు లేనంత కాలం అతనికి ప్రత్యేక ధర రాదు. పంట పొలం దాటాక కలిసిపోయే చోట సేంద్రియం అమ్మడం కష్టం. కూరగాయలు, చిరుధాన్యాలు, పప్పులు, తేనెలా విడివిడిగా చేతులు మారే చోట తేలిక. ఈ ప్రాంతంలో మొదలుపెట్టాల్సింది వాటితోనే.

వంద ఇళ్ల కన్నా ఒక వంటశాల

సరుకు తక్కువ, ధర ఎక్కువ అన్న ముడిని రెండో కొస నుంచి విప్పిన నగరం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్. ఆ దేశంలో ఎర్రటి అక్షరంతో ప్రభుత్వ సేంద్రియ ముద్ర మూడు దశాబ్దాల కిందటే వచ్చింది. ఆహార బజారులో సేంద్రియం వాటా 12 శాతం దగ్గర ఉంది, ప్రపంచంలో ముందు వరసలో. ముద్రతో ఆగకుండా నగరపాలక సంస్థ 2007లో ఒక ఆహార కేంద్రం పెట్టి, పిల్లల కేంద్రాలు, వృద్ధాశ్రమాల వంటి వందలాది వంటశాలలను సేంద్రియానికి మార్చే పని మొదలుపెట్టింది. దాదాపు 90 శాతం దాకా వెళ్లింది. సరుకుల బడ్జెట్ పెద్దగా పెంచలేదు. వంటవాళ్లకు శిక్షణ ఇచ్చారు, పారేసే తిండి తగ్గించారు, మాంసం తగ్గించి ఆ కాలంలో దొరికే కూరగాయలు పెంచారు. అలా మిగిలిన డబ్బే అదనపు ధరకు సరిపోయింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో పై లెక్కల్లోనే ఉంది. ఇల్లాలు ప్రతిరోజూ బజారులో కొత్తగా నిర్ణయం తీసుకోవాలి, వంటశాల ఏడాదికొకసారి తీసుకుంటే చాలు. ఇల్లాలు ఒక్కతే సాక్షిని వెతుక్కోలేదు, వంటశాల పదిమంది రైతుల చేలకు మనిషిని పంపగలదు, నమూనాలు ప్రయోగశాలకు పంపించి ఆ ఖర్చును వేల భోజనాల మీద సర్దగలదు. రోజూ ఇంత సరుకు పోతుందని తెలిస్తే బండి నిండుతుంది, కిరాయి తగ్గుతుంది. అదే బండిలో మిగిలిన బుట్టలు బజారుకు వస్తే, ఇళ్లకు కూడా ధర తగ్గుతుంది.

మన దగ్గర దీనికి నమూనా ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో ప్రకృతి సాగు సరుకులను ప్రసాదాలకు వాడడం మొదలుపెట్టింది. భద్రాచలం చుట్టూ అలాంటి పొయ్యిలు తక్కువేమీ కావు. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, అంగన్‌వాడీలు, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల హాస్టళ్లు, రామాలయ అన్నదానం ఉన్నాయి. ఒక్కో వంటశాల వారానికి రెండు రకాల కూరగాయలు, ఒక పప్పు చుట్టుపక్కల గుంపుల దగ్గరే కొంటామని ముందుగా ఒప్పందం రాసుకుంటే చాలు. వ్యవసాయ కళాశాల విద్యార్థులు చేలను చూసి రాసే నివేదికలు ఆ గుంపులకు మరో సాక్ష్యమవుతాయి.

| అమ్మేవాళ్లను అడగాల్సినవి |
|---|
| • మీ చేను ఎక్కడ? ఒకసారి వచ్చి చూడొచ్చా? |
| • వంగలో పురుగు పడితే ఏం చేస్తారు? (నిజంగా చేసేవాళ్లు రోజులు, కషాయాలు, బుట్టల గురించి చెబుతారు. ‘మాకు పురుగే పడదు’ అంటే జాగ్రత్త.) |
| • పక్క చేనువాళ్లు మందు కొడతారా? గట్టు దగ్గర ఎంత స్థలం వదిలారు? |
| • ఎన్నేళ్లయింది మానేసి? ఏ గుంపులో ఉన్నారు? |
| • ఏడాదంతా అన్ని కూరగాయలూ ఇస్తామంటే, కొన్ని ఎక్కడి నుంచి వస్తున్నాయి? |

వరస ముఖ్యం

దేశంలో ప్రకృతి సాగు జాతీయ మిషన్‌కు 2024 నవంబరులో 2,481 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బులో పండించే వైపు ఖర్చుపెట్టేది ఎంతైనా, కొనే వైపు వరస తప్పితే ఫలితం చేను గట్టు దాటదు. పండించేవాళ్ల మీద పై నుంచి ఒక్కసారిగా రుద్దితే ఏమవుతుందో శ్రీలంక చూపింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి, దిగుబడులు కూలడంతో అదే ఏడాది నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది.

కాబట్టి ముందు సాక్షి, ఊరి స్థాయిలో, రైతులు ఒకరికొకరు జవాబు చెప్పుకునే గుంపుల రూపంలో. తర్వాత నిలకడగా కొనే పెద్ద వంటశాల. ఆపైన బండి నిండి, ధర దిగుతుంది. కుటుంబాలు చేరేది ఆ తర్వాతే. వాళ్లను మొదటి మెట్టు మీదే నిలబెట్టి, మీకు చైతన్యం లేదనడం అన్యాయం. ధర ఐదో పదో ఎక్కువైనా, పండించిన మనిషి పేరు తెలిసినప్పుడు, అనుమానం వస్తే చేను దాకా వెళ్లి నిలదీసే వీలున్నప్పుడు 40 రూపాయల కుప్పను దాటి పోవడానికి ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.